ఆత్మకు మార్కులేసిన మేడం

కొలతల మేడం మనిషి ఆత్మను కొలిచింది. ఏదో ఒకరి ఆత్మను కాదు. ఒక క్లాసుకు క్లాసు ఆత్మలను వరసగా నిలబెట్టి, కొలిచి, ఐదింటికి మూడు పాయింట్ ఎనిమిది అని తేల్చి, కింద గీత గీసి సంతకం పెట్టింది. ఆవిడకు ముందు ఈ పనికి పూనుకున్న మహానుభావులంతా గడ్డాలు పెంచుకుని కొండలెక్కారు. ఈవిడ మూడో అంతస్తు దాటి ఎక్కలేదు. అదీ లిఫ్టులోనే.

నమ్మకం కుదరనివాళ్ళు ఆ నర్సింగు కాలేజీ క్యాంటీనుకు వెళ్ళి అడగొచ్చు. అక్కడ ఈ కథ వినిపించకుండా టీ కూడా పోయరు.

ఆమె ఉద్యోగం రెండో సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పడం. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, కోటు జేబులో మూడు రంగుల పెన్నులు. కొలవడం ఆమెకు అలవాటు కాదు, జబ్బు. టీ గ్లాసు మీద పెన్నుతో గీత గీసుకుని ఆ గీత దాకానే తాగుతుంది. వానొస్తే ఊరంతా కిటికీలు మూసుకుంటుంటే ఆమె పరిగెత్తుకెళ్ళి డాబా మీద కొలపాత్ర పెట్టి వస్తుంది. మొగుడు పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పనిమంతుడు. ఆమె నవ్వు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో ఆయనకు తెలుసు. ఆయన గురక నిమిషానికి ఎన్నిసార్లో ఆమెకు తెలుసు. అన్యోన్యమైన దాంపత్యం.

ఇంతటి కొలతల మనిషి ప్రాణం పెట్టుకున్నది మాత్రం ఏ కొలతకూ అందని ఒక గంట మీద. వారానికి ఒక్కసారి, గురువారం పొద్దున్న, పిల్లలు వార్డుకు వట్టి చేతులతో వెళ్ళాలి. ట్రే ఉండదు, థర్మామీటరు ఉండదు, సూది ఉండదు. ఒక రోగి పక్కన స్టూలేసుకుని కూర్చోవాలి. ఆయన మాట్లాడితే వినాలి. మాట్లాడకపోతే ఊరికే ఉండాలి. టైంటేబులులో దాని పేరు ఆధ్యాత్మిక సంరక్షణ. పిల్లలు పెట్టిన పేరు కూర్చునే గంట.

ఆ గంట మీద ప్రిన్సిపాల్ కన్ను పడింది. ఆయన చెడ్డవాడేం కాదు. కొత్త కంప్యూటర్ ల్యాబు వచ్చింది. నలభై కంప్యూటర్లు ముసుగులేసుకుని కూర్చున్నాయి, వాటికి టైంటేబులులో ఖాళీ లేదు. వచ్చే నెల గురువారాలు మొదలవబోతుండగా ఆయన మేడాన్ని పిలిచాడు.

"మేడం, మీ గంట వల్ల పిల్లల్లో ఏం మారుతుందండీ?"

"మనిషిని చూసే చూపు మారుతుంది సార్."

"చూపు నాకు కనపడదండీ. అంకె కనపడుతుంది. గంట మొదలవకముందు ఒకసారి కొలవండి, టర్ము అయ్యాక ఇంకోసారి కొలవండి. పెరిగితే గంట మీది. లేదంటే ల్యాబుది."

కొలవమని ఆమెతో అనడమంటే చేపను ఈదమనడమే. ఆమె ఎగిరి గంతేసి ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుంది. అత్తగారు భోజనాల బల్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఏంటే అమ్మాయ్, ఇప్పుడేం కొలుస్తావ్? నా నోరా?"

"దానికి టేపు చాలదు అత్తయ్యా. పేషెంటుకి ఆధ్యాత్మిక సంరక్షణ గురించి మా పిల్లలు ఏమనుకుంటున్నారో కొలవాలి."

"అంటే ప్రార్థనలు చేయిస్తారా?"

"కావాలన్నవాళ్ళకి ప్రార్థన. వద్దన్నవాళ్ళకి పక్కన ఒక మనిషి. భయమేస్తోందంటే వినడానికి."

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది వర్షపాతం కన్నా అరుదైన కొలత. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ మామయ్య ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ చెయ్యి చూసినవాళ్ళే గానీ మొహం చూసినవాళ్ళు లేరే. చివర్న ఒక పిల్ల వచ్చి, ఏం పని లేకపోయినా, పక్కన కూర్చుంది. ఆయన ఆ పిల్లకి తన సైకిల్ గురించి చెప్పాడు. నాకెప్పుడూ చెప్పలేదు."

"ఆ పిల్ల కోసమే అత్తయ్యా ఈ గోలంతా."

"అయితే సరిగ్గా కొలువు. లెక్క తప్పావంటే నేను ఊరుకోను."

మేడం ఇరవై వాక్యాలు రాసింది. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఒకటంటే అస్సలు ఒప్పుకోను, ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటాను. రోగి భయాన్ని అడిగి తెలుసుకోవడం నా పనే. చావు గురించి రోగి మాట్లాడితే తడబడకుండా వింటాను. రోగి అడిగిన ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉంటుంది. ఇలాంటివి. అరవై మంది పిల్లలను పెద్ద హాల్లో కూర్చోబెట్టి పంచింది.

వెనక బెంచీలోంచి లౌడుస్పీకరు అని పిలిచే అమ్మాయి లేచింది. ఆ పిల్ల గుసగుసలాడితే పక్క వీధిలో కుక్కలు మొరుగుతాయని పేరు.

"మేడం, దీనికి మార్కులుంటాయా?"

"ఉండవమ్మా. ఇది పరీక్ష కాదు. మీ అభిప్రాయం."

"పేరు రాయాలా?"

"వద్దు."

"రోల్ నంబరు?"

"అదీ వద్దు."

"మరి మార్కులు ఎవరికేస్తారు మేడం?"

పరీక్షలు తప్ప వేరే కాగితం చూడని పిల్లలకు ఎంత చెప్పినా అంతే. అరవై తలలు వంగాయి. అరవై పెన్నులు కదిలాయి. పది నిమిషాల్లో హాలు ఖాళీ. ఫస్టుర్యాంకు అని పిలిచే అమ్మాయైతే మేడం చేతికి కాగితం ఇస్తూ, "ఎక్స్‌ట్రా షీటు ఉంటుందేమోనని చూశాను మేడం," అంది కూడా.

కూడి చూస్తే అన్నీ ఐదులే. అక్కడక్కడా కళ్ళు తిరిగి పక్క గడిలో పడిన నాలుగు తప్ప ఐదు, ఐదు, ఐదు. చావు గురించి వినడానికి అరవైకి అరవై మందీ ఐదేశారు. ఆ లెక్కన ఆ రెండో సంవత్సరం క్లాసులో ఉన్నవాళ్ళు ఆడపిల్లలు కారు, ఋషులు.

ప్రిన్సిపాల్ కళ్ళు వెలిగిపోయాయి. "అద్భుతం మేడం! మన పిల్లలు ఆణిముత్యాలు!" అని బల్ల చరిచాడు. ఆ చప్పుడుకు గోడమీది షీల్డొకటి వంకర తిరిగింది. దాన్ని సరిచేస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఇంత వచ్చేసినవాళ్ళకి ఇక మీ గంటెందుకండీ?"

మేడం చేతిలోని కాగితాల వైపు చూసింది. నిజమే. నిండిన గ్లాసులో ఇంకేం పోస్తుంది? టర్ము చివర మళ్ళీ కొలిస్తే పెరగడానికి చోటే లేదు. తన కొలతతో తనే తన గంట గొంతు నులిమింది.

"వారం టైమివ్వండి సార్. కొలత తప్పింది."

"నూటికి నూరొస్తే తప్పంటారేంటండీ! తక్కువొస్తే కదా అనాలి."

"ఒక్క వారం సార్."

ఆ సాయంత్రం భోజనాల బల్ల నిండా ఐదులు పరిచి కూర్చుంది. మొగుడు ఇంకో చివర ఒక పళ్ళ సెట్టు అరగదీస్తున్నాడు. ఎండబెట్టిన సుద్ద దవడలు ఆరు వరసగా ఆమెను చూసి ఇకిలిస్తున్నాయి.

"నీ పిల్లల్ని మా ల్యాబుకి పంపు. ఒక్కటి వంకర పోకుండా పేరుస్తున్నారు," అన్నాడాయన.

"ఏడిపించకండి. అసలే ఏడుపొస్తోంది."

"ఎంతొస్తోంది? గ్లాసు తీసుకురానా?"

ఆమె నవ్వలేదు. కాగితాలు ఒకదాని కింద ఒకటి పెట్టి కళ్ళు చికిలించి చూసింది. ఇలాంటి కాగితం ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, వార్డులో, మంచానికి వేలాడే జ్వరం చార్టు. పొద్దున తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, మధ్యాహ్నం అంతే, సాయంత్రం అంతే, మర్నాడూ అంతే. అలాంటి చార్టు చూసి రోగి బాగున్నాడని ఏ వార్డు సిస్టరూ అనుకోదు. గడి ఖాళీగా ఉంటే తిడతారని రాసేశారని అనుకుంటుంది. నర్సింగు చదివే పిల్ల చేతికి గడులున్న కాగితమిస్తే నింపకుండా ఉండలేదు, తిట్లు పడని అంకెతో నింపుతుంది. అది వాళ్ళకు మొదటి నెలలోనే ఒంటబట్టే విద్య.

"థర్మామీటరు పెట్టలేదు," అంది మేడం.

"ఎవరికి?"

"అరవై మందికీ."

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అంటే వార్డు గోడ గడియారం ప్రకారం రెండుకు ఏడు నిమిషాల తక్కువకి, ఆమె మగవాళ్ళ వార్డులో దుప్పట్లు పెట్టే లినెన్ బీరువా పక్కన నిలబడింది. అది డ్యూటీ మారే వేళ. దిగిపోయే పిల్ల ఎక్కే పిల్లకు మంచం మంచం తిరిగి అప్పగింత చెప్పాలి. దిగిపోయేది ఫస్టుర్యాంకు. ఎక్కేది లౌడుస్పీకరు. ఇద్దరూ ఏడో బెడ్డు దాటి వచ్చి బీరువాకు ఇవతల ఆగారు. అవతల మేడం ఉందని తెలియదు.

"ఏడో బెడ్డు తాత, గడియారాలు రిపేరు చేసే ఆయన. కాలి పుండు. డ్రెస్సింగ్ అయింది, బీపీ బాగానే ఉంది," అంది ఫస్టుర్యాంకు. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క మాటే. ఆయన దగ్గర ఎక్కువసేపు నిలబడకు."

"ఏం, కొడతాడా?"

"కొడితే బాగుండేది. నేను ఇంటికెళ్తానా అమ్మా అని అడుగుతాడు. నాకేం చెప్పాలో తెలీక సెలైన్ చూస్తున్నట్టు నటించి వచ్చేశాను."

"ఆయనకి సెలైన్ లేదు కదే!"

"అదే. ఒట్టి స్టాండు చూసి వచ్చాను. నువ్వు ఇరుక్కుంటావని చెప్తున్నా."

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్న చావు గురించి తడబడకుండా వింటానని ఐదేసిన చెయ్యి అది. ఈరోజు ఒట్టి స్టాండు చూసి పారిపోయిన కాళ్ళు అవే. మేడానికి చెప్పిన అబద్ధం తోటి పిల్లకు చెప్పలేదు. చెప్పదు కూడా. అప్పగింతలో అబద్ధమాడితే తర్వాత వచ్చేదాని మెడకు చుట్టుకుంటుంది. వెన్నెముక లేని పిల్ల కూడా ఆ ఒక్కచోట నిటారుగా నిలబడుతుంది.

ఆ సంతోషంలో ఆమె బీరువాను ఒక్క తోపు తోసిందనీ, అది గోడ దాటి ఆడవాళ్ళ వార్డులో తేలిందనీ క్యాంటీనులో చెప్తారు. బీరువా ఇప్పటికీ అక్కడే ఉంది, చూసుకోవచ్చు.

ఇరవై వాక్యాల్లో ఒక్కటీ మార్చలేదు. పైన నాలుగు మాటలు మాత్రం రాసింది: నీ తర్వాత డ్యూటీకి వచ్చే అమ్మాయి ఎదురుగా నిలబడింది. ఈ ఇరవైలో నీకు చేతనైనదేదో, కానిదేదో ఆమెకు అప్పగింత చెప్పు. నువ్వు ఎక్కువ చెప్తే ఇరుక్కునేది ఆమె.

పెద్ద హాలు వద్దనుకుంది. వార్డు పక్క డ్యూటీ గదిలో, షిఫ్టు దిగే వేళ, చేతులు కడుక్కుని వచ్చినవాళ్ళను వచ్చినట్టు నిలబెట్టి రాయించింది. ఈసారి ఎవరూ మార్కుల గురించి అడగలేదు. పెన్నులు ఆగి ఆగి కదిలాయి. లౌడుస్పీకరు అంతటిది నోరు మూసుకుని పెన్ను చివర కొరికింది. ఫస్టుర్యాంకు ఒక గడి దగ్గర ఐదేసి, కొట్టేసి, నాలుగేసి, కొట్టేసి, చివరికి ఒకటేసి కాగితం తిరగేసి ఇచ్చింది.

సగటు రెండు పాయింట్ మూడు.

మేడం ఆ కాగితాలు గుండెకు హత్తుకుని వరండాలో గిరగిరా తిరిగింది. ఎదురొచ్చిన మేట్రన్ హడలిపోయింది.

"ఏమైందమ్మా? ప్రమోషనా?"

"తప్పారు మేడం! అందరూ తప్పారు!"

మేట్రన్ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ప్రిన్సిపాల్ మొహం మాత్రం వాడిపోయింది. "వారంలో ఆణిముత్యాల్ని గులకరాళ్ళు చేశారు కదండీ."

"జ్వరం బయటపడింది సార్. ఇక మందు వేయొచ్చు."

"టర్ము చివర ఇదే పద్ధతిలో మళ్ళీ కొలవండి. కదలకపోతే ల్యాబే. మళ్ళీ వారమడిగితే ఇవ్వను."

గురువారాలు మొదలయ్యాయి. మొదటి గురువారం చూసినవాళ్ళు మేడం మీద జాలిపడ్డారు. వట్టి చేతులతో కూర్చోవడం ఎంత కష్టమో ఆ పిల్లలకు అప్పుడే తెలిసింది. ఒకమ్మాయి పక్క మంచం సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఒకమ్మాయి దుప్పటి మడతలు సర్దిందే సర్ది. లౌడుస్పీకరైతే తన చిన్నప్పటి నుంచి మొదలుపెట్టి హైస్కూలు దాకా వచ్చేసరికి, రోగి కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

"వినమన్నాను, వినిపించమనలేదు," అంది మేడం.

"ఆయన మాట్లాడట్లేదు మేడం!"

"సందిస్తే కదా."

ఏడో బెడ్డు ఫస్టుర్యాంకుకు పడింది. ఆ పిల్ల మేడం దగ్గరికి వచ్చి నీళ్ళు నమిలింది. బెడ్డు మారుస్తారా మేడం, ఆయన మళ్ళీ అదే అడుగుతాడు, అంది. మార్చనంది మేడం. "జవాబు తెలీకపోతే తెలీదని చెప్పు. చెప్పాక లేచి రావద్దు. అంతే."

తాత అడగనే అడిగాడు. "నేను ఇంటికెళ్తానా అమ్మా?"

ఫస్టుర్యాంకు కళ్ళు అలవాటుగా స్టాండు కోసం వెతికాయి. ఆ రోజు స్టాండు కూడా లేదు. మేడం ముందే తీయించింది.

"తెలీదు తాతా," అంది. జన్మలో ఏ ప్రశ్నకూ ఆ జవాబు రాయని పిల్ల. లేవకుండా అలాగే కూర్చుని, "వెళ్తే ముందు ఏం చేస్తావ్?" అని అడిగింది.

తాత ఆమెను తేరిపార చూశాడు. "ముందా? ముందు ఆ దరిద్రాన్ని బాగుచేస్తా," అని ఎదురు గోడ మీది గడియారం చూపించాడు. "ఏడు నిమిషాలు వెనక నడుస్తోంది. ఇక్కడ పడుకుని దాన్నే చూస్తున్నా. పళ్ళు కొరుక్కోవడం తప్ప చేసేదేం లేదు. నా చేతుల్లో ఇంకా పని ఉందో లేదో ఎవరూ చెప్పరు."

ఆయన భయం కాలి గురించి కాదని, చేతుల గురించని, డ్రెస్సింగులు చేసిన ఏ పిల్లకూ అప్పటిదాకా తెలియదు. ఆ గంటంతా తాత చెప్పాడు, ఆ పిల్ల విన్నది. తర్వాతి గురువారం మేట్రన్ అనుమతి తీసుకుని, వార్డు బాయ్‌తో గడియారం దింపించి, దూది పెట్టిన ట్రేలో ఆయన ముందు పెట్టింది. తాత దాన్ని విప్పాడు, తుడిచాడు, బిగించాడు. ఆ రోజు నుంచి ఆ వార్డులో రెండంటే రెండే. దాన్ని చూసి ఊళ్ళో రైళ్ళు టైముకు నడవడం మొదలెట్టాయంటారు. రైళ్ళ సంగతి ఏమోగానీ, అప్పగింతలు మాత్రం టైముకు మొదలయ్యాయి. నెల తిరక్కుండా తాత చేతికర్ర పట్టుకుని ఇంటికెళ్ళాడు. పోతూ పోతూ ఫస్టుర్యాంకు చేతి గడియారాన్ని చెవికి పెట్టుకుని విని, "బాగానే కొట్టుకుంటోంది," అన్నాడు.

టర్ము చివర వచ్చింది. అదే డ్యూటీ గది, అదే వేళ, అవే ఇరవై వాక్యాలు. కాగితాలు తెచ్చుకున్న మేడానికి వాటిని కూడే ధైర్యం చాలలేదు. బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగింది. ప్రపంచంలో ఉన్నవన్నీ కొలిచిన మనిషికి మొదటిసారి కొలతంటే చెమట పట్టింది.

"కూడవే," అంది అత్తగారు. "ఎంతొచ్చినా నీ కూడు మానిపించం."

కూడింది. పెరిగింది. వాక్యాలు ఒక్కొక్కటే మెట్లెక్కాయి. చావు గురించి వినడం ఒకటిన్నర నుంచి మూడున్నరకు వచ్చింది. భయం అడగడం నాలుగు దాటింది. ఒకే ఒక్క వాక్యం మాత్రం కిందికి జారింది. మూడుసార్లు కూడినా జారింది. మేడం దాన్ని చూసి తల పట్టుకుంది. తర్వాత ఆ వాక్యం మళ్ళీ చదివింది. తర్వాత మొగుడు కొలిచిన వెడల్పు కన్నా చాలా ఎక్కువ వెడల్పుగా నవ్వింది.

కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్, మేట్రన్, బయటి కాలేజీ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. ప్రిన్సిపాల్ గ్రాఫ్ చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"పెరిగింది, ఒప్పుకుంటా. కానీ మేడం, మొదట్లో ఐదులు పోసినవాళ్ళే కదా వీళ్ళు? ఇప్పుడు మాత్రం మీ గంట నిలబెట్టడానికి పోయలేదని నమ్మకమేంటి?"

మేడం లేచి గ్రాఫ్‌లో ఒక్క చోట వేలు పెట్టింది.

"ఇది చూడండి సార్. రోగి అడిగిన ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉంటుంది. టర్ము మొదట్లో దీనికి రెండున్నర ఇచ్చారు. ఇప్పుడు ఒకటిన్నరకి పడిపోయింది. నన్ను మెప్పించాలనుకున్నవాళ్ళు దీన్నీ పెంచేవాళ్ళు కదా. జవాబు లేదని తెలిసింది సార్ వాళ్ళకి. తెలిసి కూడా, మిగతావన్నీ పెరిగాయి. అంటే జవాబు లేకపోయినా లేచి రావట్లేదు."

లెక్కల మాస్టారు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. వేళ్ళతో లెక్కేశాడు, పెన్సిలుతో లెక్కేశాడు, పెదాలతో లెక్కేశాడు. "అన్నీ పైకి పోయుంటే నేను సంతకం పెట్టకపోదును," అన్నాడు. "ఈ ఒక్కటీ కిందికొచ్చింది కాబట్టి పెడుతున్నా." పెట్టాడు.

మేట్రన్ చప్పట్లు కొట్టింది. "ఆ గంట మా స్టాఫుకి కూడా కావాలి సార్."

ప్రిన్సిపాల్ కిటికీలోంచి ముసుగులేసిన ల్యాబు వైపు ఓసారి చూసి నిట్టూర్చాడు. "గంట మీదే మేడం. రెండో సంవత్సరానికే కాదు, వచ్చే ఏడాది నుంచి మొదటి సంవత్సరానికి కూడా. కంప్యూటర్లు ఇంకో రోజు వెతుక్కుంటాయి."

మేడం బయటికొచ్చేసరికి వరండా నిండా పిల్లలు. ఫస్టుర్యాంకు మొహంలోకి చూసింది, ఏమీ అడగలేదు. మేడం తలూపింది. అంతే, ఆ అరుపులకు వార్డుల్లో నడవలేని రోగులు లేచి నడిచారని, నడిచేవాళ్ళు పరిగెత్తారని చెప్పుకుంటారు. ఇంటి దగ్గర అత్తగారు సంగతి విని, "లెక్క తప్పలేదన్నమాట," అని మాత్రం అని, ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి దారిన పోయేవాళ్ళందరినీ ఆపి చెప్పింది.

అప్పటికే క్యాంటీనులో లౌడుస్పీకరు బల్లెక్కి ఉంది. మొదటి సంవత్సరం పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. "మన మేడం ఉన్నారే, మా అందరి ఆత్మల్నీ వరసగా నిలబెట్టి కొలిచారు! ఐదింటికి మూడు పాయింట్ ఎనిమిది! నా దాన్ని కొలిచేటప్పుడైతే స్కేలు విరిగింది!"

వెనక బల్ల దగ్గర, గీత దాకా టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొలతల మేడం లేచింది.

"ఆత్మ కాదమ్మా, అభిప్రాయం. మూడు పాయింట్ ఎనిమిది కాదు, మూడు పాయింట్ ఏడు ఆరు. స్కేలు విరగలేదు, అది కాగితం. దిగు, రెండయింది, డ్యూటీకి వెళ్ళు."